మూడో కంచం

పోలిష్ ఎందుకు నేర్చుకుంటున్నావని అడిగితే పర్సిస్ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పేది. ఆఫీసులో, "పోలండ్‌లో మా ప్లాంట్ ఒకటి ఉంది, కాల్స్‌కి పనికొస్తుంది" అనేది. తెలుగు చర్చిలో దెబోరా ఆంటీకి, "వీకెండ్ ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతోంది ఆంటీ, ఏదో ఒకటి" అనేది. ఇర్వింగ్‌లో ఉండే చెల్లెలు షారన్‌కి మాత్రం నిజం చెప్పింది.

"అత్తయ్యని వెళ్లొద్దని అడగాలే. అడగడానికి నా దగ్గర మాటల్లేవు."

అత్తయ్య అంటే హలీనా. డెబ్బై నాలుగేళ్ల పోలిష్ మనిషి. భర్త పోయాక కొడుకు తోమెక్ ఆమెను మిషిగన్‌లోని నోవైకి తెచ్చుకున్నాడు. తోమెక్, పర్సిస్ ఒకే కంపెనీలో ఇంజనీర్లు, ప్రేమించి పెళ్లి చేసుకున్నారు, పిల్లలు లేరు. తెలుగు చర్చి వాళ్లకి అతని పేరు నోరు తిరక్క, బైబిల్లో ఉన్న పేరు ఉండగా వేరే ఎందుకని 'తోమా గారు' అని పిలిచేవాళ్లు. అతను నవ్వుతూ పలికేవాడు. 'అత్తయ్య' అన్న పిలుపుకి తల్లిని అలవాటు చేసింది కూడా అతనే. ఆ ఇంట్లో కోడలు ఇంగ్లిష్‌లో అన్నది అత్తకి పోలిష్‌లో, అత్త పోలిష్‌లో విసుక్కున్నది కోడలికి తీపి ఇంగ్లిష్‌లో చేరవేస్తూ ఆరేళ్లు గడిపాడు. ఎంత తీపి కలిపేవాడో ఆ ఇద్దరికీ తెలియదు. పోయిన ఏడాది అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున, ముందు వాకిట్లో ఆకులు ఊడుస్తూ పడిపోయాడు. గుండె. నలభై మూడేళ్లు.

అతనితోపాటు ఇంట్లో మాట కూడా పోయింది.

ఫోన్లో ట్రాన్స్‌లేటర్ ఉంది కదా అంటారేమో. ఉంది. 'మందులు వేసుకున్నారా', 'స్నో పడుతోంది, బయటికి వెళ్లకండి' దాకా బాగానే పనికొచ్చింది. ఆగస్టులో ఒకరోజు హలీనా అదే ఫోన్లో, జనవరి నాలుగున పోలండ్ వెళ్లిపోతున్నానని, తోరున్ అనే ఊళ్లో చెల్లెలు ఇరేనా దగ్గర ఉంటానని, టికెట్ కొనేశానని రాసి చూపించింది. ఒకవైపు టికెట్. పర్సిస్ 'ఓకే' అంది. తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. 'నన్ను వదిలి వెళ్లకండి' అనే మాట ఆ ఫోన్లోని ఆడగొంతు చేత చెప్పించడానికి ఆమెకి మనసొప్పలేదు. కొన్ని మాటలు సొంత నోటితో చెప్పాలి, లేకపోతే చెప్పకూడదు. పర్సిస్ మొండిది, ఆ సంగతి తోమెక్‌కి బాగా తెలుసు.

అలా సెప్టెంబరు నుంచి ప్రతి శనివారం పొద్దున్నే ముప్పై అయిదు నిమిషాలు డ్రైవ్ చేసి, హామ్‌ట్రామిక్‌లో ఒక పాత చర్చి హాల్లో జరిగే పోలిష్ క్లాసుకి వెళ్లింది. టీచర్ని అందరూ పాని బొజేనా అనేవాళ్లు. పాని అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే ముందొస్తుంది. 'ఇది ఇల్లు', 'నా పేరు పర్సిస్' వరకు బండి సాఫీగా నడిచింది. 'లేదు' దగ్గర ఆగిపోయింది.

పోలిష్‌లో ఉన్నదానికి ఒక రూపం, లేనిదానికి ఇంకో రూపం. బల్ల మీద చెంచా ఉంటే అది 'విష్కా'. లేకపోతే 'న్యె మా విష్కి'. నరసాపురంలో పాస్టర్ గారి మనవరాలిగా పుట్టి, మందు సీసా మూత వాసన కూడా ఎరగని మనిషి, 'న్యె మా విష్కి, న్యె మా విష్కి' అని గొంతెత్తి వల్లె వేస్తుంటే వెనక కుర్చీలో ఉన్న రిటైర్డ్ ట్రక్ డ్రైవర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పర్సిస్ కూడా నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది.

మన తెలుగులో ఈ గొడవ లేదు. మనిషి ఉన్నా పోయినా పేరు పేరే. నేను లేను, నువ్వు లేవు, వాడు లేడు, ఆమె లేదు అంటూ ఎవరి లోటుకి తగ్గట్టు ఆ లేకపోవడమే రూపం మార్చుకుంటుంది. పోలిష్‌లో తిరకాసు వ్యవహారం. అక్కడ 'న్యె మా' ఉన్నచోటు నుంచి కదలదు, పేరే మారాలి. చెంచాలు, కుర్చీలు, గొడుగులు ఎన్నయినా మార్చేసింది పర్సిస్. అక్టోబరు చివర్లో పాని బొజేనా మనుషుల పేర్లతో వాక్యాలు చెప్పమంది. "మీకు ఎవరు లేని లోటు ఉందో చెప్పండి, బ్రకుయె మి అని మొదలుపెట్టండి" అంది. పర్సిస్ వంతు వచ్చేసరికి ఆమె నీళ్ల సీసా తీసి గటగటా తాగింది. పాని బొజేనా తర్వాతి మనిషిని అడిగింది.

క్లాసయ్యాక పర్సిస్ నేరుగా వెళ్లి ఆమె మీద విరుచుకుపడింది. పాపం, ఆ టీచర్ చేసిన తప్పేమీ లేదు.

"మా ఆయన పేరు తోమెక్. పోయాడు. ఉన్నన్నాళ్లూ తోమెక్ అని పిలిచి ఇప్పుడు తోమ్కా అనాలా? మనిషి పోయింది చాలదని పేరు కూడా మార్చాలా? ఇదెక్కడి లాంగ్వేజ్ అండీ?"

పాని బొజేనా పుస్తకాలు సర్దడం ఆపింది. "తోమ్కా అంటే తోమెక్ లేడనే కాదు. తోమెక్‌ది అన్నా అదే రూపం. తోమెక్ కోటు, తోమెక్ ఇల్లు, తోమెక్ భార్య. అన్నిచోట్లా తోమ్కా అనే అంటాం. వాళ్ల అమ్మగారు ఉన్నారా?"

"నాతోనే ఉన్నారు."

"అయితే ఆవిడా 'తోమ్కా అమ్మని' అనే చెప్పుకుంటుంది."

పర్సిస్ సారీ చెప్పి బయటికొచ్చి కార్లో కూర్చుంది. హైవే ఎక్కేదాకా ఆ పేరు నోట్లోనే తిప్పుకుంది, పైకి మాత్రం అనలేదు. ఆమె ఉద్యోగం కారు సీట్ల కింద పెట్టే సెన్సర్లను టెస్ట్ చేయడం. ఇసుక బస్తాలు పెడతారు, బొమ్మలు కూర్చోబెడతారు, నీళ్ల డబ్బాలు పెడతారు. సీట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది ఆ సెన్సర్ సెకనులో తేల్చేస్తుంది. ఇంట్లో ఏడాది గడిచినా ఆమెకి ఆ సంగతి ఇంకా తేలలేదు.

అత్తాకోడళ్ల మధ్య చెడిందెప్పుడో పర్సిస్‌కి తెలుసు. పోయిన క్రిస్మస్‌కి చెడింది.

పోలిష్ వాళ్లకి క్రిస్మస్ కంటే దాని ముందు సాయంత్రం ముఖ్యం. విగీలియా అంటారు. ఆకాశంలో మొదటి చుక్క కనపడగానే ఇంటిల్లిపాదీ ఒక బల్ల దగ్గర కూర్చుని తింటారు. అత్తయ్య వచ్చిన ఆరేళ్లలో పర్సిస్ ఆ బల్ల దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఆ సాయంత్రం తెలుగు చర్చిలో క్వయర్ ఆమెదే. నాలుగింటికే పట్టుచీర కట్టుకుని, పాటల ఫైలు పట్టుకుని పరుగెత్తేది. తోమెక్ గుమ్మం దాకా వచ్చి, "ఈసారైనా కూర్చోవచ్చు కదా" అనేవాడు. "నెక్స్ట్ ఇయర్, ప్రామిస్" అనేది. ఆ నెక్స్ట్ ఇయర్లు అన్నీ అయిపోయాయి.

పోయిన ఏడాది, అతను పోయిన రెండు నెలలకి, పాడే ఓపిక లేక ఇంట్లోనే ఉండిపోయింది. తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద హలీనా మూడు కంచాలు పెట్టింది. ఇంట్లో ఉన్నది ఇద్దరు.

ఆ మూడోది చూడగానే పర్సిస్‌కి ఒళ్లు మండిపోయింది. నరసాపురంలో ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు, చర్చిలో పెద్దమనిషి ఒకాయన పోతే ఆయన ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆ ఇంటి వాళ్లు పోయినాయన ఫోటో ముందు విస్తరేసి, ఆయనకి ఇష్టమైన చేపల పులుసు వడ్డించారు. తాతయ్య ప్రార్థన మొదలుపెట్టకుండా లేచి, అందరూ చూస్తుండగా ఆ విస్తరి తీసి పక్కన పెట్టాడు. "పోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉన్నారమ్మా. మన అన్నం కోసం రారు" అన్నాడు. ఆ ఇంటావిడ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం పర్సిస్‌కి ఇప్పటికీ గుర్తే. ఆవిడ ఏడుపు తప్పనీ, తాతయ్య చేసింది ఒప్పనీ నేర్చుకుని పెరిగింది.

తాతయ్య చేసిన పనే చేసింది. మాట్లాడకుండా మూడో కంచం తీసి, కడిగి, తుడిచి, అల్మరాలో పెట్టి తలుపేసింది. హలీనా చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి ఆమె కోడలితో కలిసి బల్ల దగ్గర కూర్చోవడం మానేసింది. పర్సిస్ ఆఫీసు నుంచి వచ్చేసరికి తను తినేసి, కోడలి కంచం మీద మూత పెట్టి గదిలోకి వెళ్లిపోయేది. ఎనిమిది నెలల తర్వాత టికెట్ కొంది.

డిసెంబరు రెండో శనివారం క్లాసులో పాని బొజేనా ఒక ఆట పెట్టింది. బల్ల మీద విగీలియాకి ఉండేవన్నీ అమర్చింది. అందరూ కళ్లు మూసుకోవాలి, ఆమె ఒకటి తీసేస్తుంది, ఏది లేదో చెప్పాలి. ఫోర్కు లేదు, కొవ్వొత్తి లేదు అని వరసగా చెప్పుకుంటూ పోయారు. చివర్లో కళ్లు తెరిచేసరికి పర్సిస్‌కి అన్నీ ఉన్నట్టే కనిపించాయి. నలుగురికి నాలుగు కంచాలు ఉన్నాయి.

"న్యె మా తాలెజా" అని నవ్వింది పాని బొజేనా. కంచం లేదు అని. దాచిన అయిదో కంచం తెచ్చి పెట్టింది. "ఎంతమంది ఉంటే దానికి ఒకటి ఎక్కువ పెట్టాలి. అనుకోకుండా వచ్చే అతిథికి. దారి తప్పినవాళ్లు, ఎవరూ లేనివాళ్లు ఆ రాత్రి తలుపు తడితే చోటు లేదనకూడదు. పోలండ్‌లో ఏ ఇంటికెళ్లినా ఇది ఉంటుంది."

పర్సిస్‌కి తల కొట్టేసినట్టయింది. బెత్లెహేములో సత్రంలో చోటు లేకపోయిందని ప్రతి ఏడూ క్వయర్‌లో గొంతు చించుకుని పాడే మనిషి, తన ఇంట్లో ఆ చోటే తీసి అల్మరాలో పెట్టింది. అది కూడా దేవుడి పేరు చెప్పుకుని. ఇంటికొచ్చే దారంతా తనని తాను తిట్టుకుంది. ఏడాది పాటు ఆ పెద్దావిడ ఏమనుకుని ఉంటుందో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఆ సాయంత్రమే దెబోరా ఆంటీ ఫోన్ చేసింది. "ఏమ్మా పర్సిస్, ఈ ఇయర్ కూడా క్వయర్‌కి రానన్నావంట? నువ్వు లేకపోతే ఆల్టో ఎవరు లీడ్ చేస్తారు?"

"ఈసారి మా అత్తయ్యతో కూర్చోవాలి ఆంటీ. ఇప్పటికే లేట్ అయింది."

డిసెంబరు ఇరవై నాలుగున పర్సిస్ సెలవు పెట్టింది. హలీనా పొద్దుటి నుంచి వంటింట్లోనే ఉంది. బీట్‌రూట్ చారు, చేప, కజ్జికాయల్లా మడిచి లోపల క్యాబేజీ, పుట్టగొడుగులు కూరిన పియెరోగి. బల్ల గుడ్డ కింద పరచడానికి కాస్త ఎండుగడ్డి కావాలి, పశువుల తొట్టికి గుర్తుగా. పెట్ స్టోర్‌లో కుందేళ్ల కోసం అమ్మే గడ్డి పాకెట్టు పర్సిస్ తెచ్చింది. దాన్ని చూసి హలీనా కనుబొమలు పైకెత్తింది.

అయిదున్నరకి చీకటి ముసురుకుంది. మిషిగన్ డిసెంబరులో చుక్క కనపడటం కల్ల. అయినా హలీనా కిటికీ దగ్గర నిలబడి మబ్బుల్లోకి చూస్తూ ఉంది. ఎయిర్‌పోర్టు వైపు దిగుతున్న విమానం దీపం ఒకటి మినుకుమంది. దాన్నే చుక్క అనుకుందో, అనుకోవాలనుకుందో, "జెస్త్" అంది. ఉంది, అని.

వెనక్కి తిరిగేసరికి పర్సిస్ బల్ల సర్దేసింది. మూడు కంచాలు.

హలీనా అక్కడే ఆగిపోయింది. రెండు వారాలు అద్దం ముందు నిలబడి వల్లించిన వాక్యాన్ని పర్సిస్ ఎలాగో బయటికి తోసింది. అతిథి కోసం అత్తయ్యా, క్షమించండి, పోయినసారి నాకు తెలియదు, అని పోలిష్‌లో. 'అత్తయ్యా' మాత్రం తెలుగులోనే వచ్చింది.

హలీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడో కంచం అంచుని వేలితో రాసింది. తర్వాత మాట్లాడింది. సగం వచ్చీరాని ఇంగ్లిష్, సగం పోలిష్, కోడలి కోసం ఒక్కో మాటా విడదీసి చెప్పింది. తెలుగులో చెప్పుకుంటే అది ఇది.

"కాదు. ఆచారం అతిథికే. కానీ పోయిన ఏడాది నేను పెట్టింది అతిథికి కాదు. తోమెక్‌కి పెట్టాను. నువ్వు సరిగ్గానే చూశావు."

పర్సిస్ తలెత్తి చూసింది.

"మా చర్చిలో కూడా అలా పెట్టకూడదు. తెలుసు. పెట్టకుండా ఉండలేకపోయాను. నువ్వు తీసేశావు, కడిగావు. నా కొడుకు తిన్న కంచం కడిగినట్టు కడిగావు. అప్పుడు అనుకున్నాను, ఈ పిల్లకి ఈ ఇంట్లో తోమెక్ గుర్తులు వద్దు అని. నా ముఖం వాడి ముఖమే కదా. రోజూ ఎదురుగా కనిపిస్తే నీకు కష్టం అని, నువ్వు వచ్చేలోపే తినేసి వెళ్లిపోయేదాన్ని."

"నాకు కష్టమని వెళ్లిపోయేవారా?"

"మరి దేనికి?"

పర్సిస్ కూడా కూర్చుంది. తనని అసహ్యించుకుంటోందనుకున్న మనిషి ఏడాది పొడుగునా తన కష్టం చూడలేక పక్కకి తప్పుకుంటూ వచ్చింది. తనేమో మూత తీసి, చల్లారిన అన్నం ఒంటరిగా తింటూ, ఆ మూత పెట్టిన చేతిని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. కన్నీళ్లు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. అప్పుడు వచ్చింది ఆ వాక్యం. ఎవరూ అడగలేదు, ఏ క్లాసులోనూ చెప్పలేదు.

"న్యె మా తోమ్కా," అంది పర్సిస్.

తోమెక్ లేడు. పేరు మారిన చోట ఆమె తడబడింది కానీ ఆగలేదు.

హలీనా తల ఊపింది. కోడలి చేతి మీద చేయి వేసింది. రోజూ షారన్‌తో ఫోన్లో కోడలు అంటుంటే గోడ అవతల నుంచి విని విని పట్టుకున్న మాట ఒకటి ఆమె దగ్గరా ఉంది.

"లేడు," అంది, తెలుగులో.

చారు చల్లారిపోయింది.

తర్వాత హలీనా కమ్యూనియన్ అప్పంలా ఉండే పల్చటి అప్పడాన్ని విరిచి సగం కోడలికి ఇచ్చింది. అది పంచుకుంటూ ఒకరికొకరు కోరుకోవాల్సింది కోరుకోవాలి. పోలిష్ కోడళ్లు అత్తగారితో ముఖాముఖి మాట్లాడేటప్పుడు కూడా 'మీరు' అనరు, 'అమ్మ' అంటారు. అమ్మ తిన్నదా, అమ్మ ఎక్కడికి వెళ్తోంది, అని. పాని బొజేనా అలాగే రాసిచ్చింది. పర్సిస్ అప్పడం ముక్క పట్టుకుని, సెప్టెంబరు నుంచి మోస్తున్న మాట దించింది.

"నేహ్ మామా జొస్తానియె." అమ్మ ఉండిపోవాలి.

హలీనా కళ్లు మూసుకుంది. తెరిచాక ఆ కళ్లలో ప్రేమ ఉంది, జవాబు కూడా ఉంది.

"ముందే ఎందుకడగలేదు?" అంది. ఆ అడగడంలో కోపం లేదు. "ఇరేనా మోకాళ్లకి ఆపరేషన్ ఉంది. నాకోసం గదికి రంగు వేయించింది. అదీ ఒంటరిదే. దానికి మాటిచ్చాను."

"ఆగస్టులోనే అడగాల్సింది" అంది పర్సిస్. "నాకు అప్పుడు మాటల్లేవు."

"నాకు మాత్రం ఉన్నాయా?"

హలీనా లేచి చారు మళ్లీ వేడి పెట్టింది. ఇద్దరికీ వడ్డించింది. ఒక్క క్షణం గరిట పట్టుకుని మూడో కంచం వైపు చూసి, దాన్ని ఖాళీగానే వదిలేసింది. తింటూ తింటూ, అలవాటైన మాట చెబుతున్నట్టు చెప్పింది.

"వచ్చే ఏడాది కూడా మూడోది పెట్టు. కాదు, నువ్వొక్కదానివే కదా, రెండోది. వస్తానని చెప్పను. రానని కూడా చెప్పను. చెప్పి వచ్చేవాళ్లకి కాదు ఆ కంచం."

జనవరి నాలుగున పర్సిస్ ఆమెను ఎయిర్‌పోర్టులో దింపింది. సెక్యూరిటీ దగ్గర హలీనా వెనక్కి తిరిగి రెండుసార్లు చేయి ఊపింది, మూడోసారి తిరగలేదు. తిరుగుదారిలో పక్క సీటు ఖాళీ అని సెన్సర్ పసిగట్టి, డాష్‌బోర్డు మీద చిన్న దీపం వెలిగించింది. నోవై చేరేదాకా అది వెలుగుతూనే ఉంది.

ఇల్లంతా తుడిచినట్టుంది. హలీనా వెళ్లేముందు అన్నీ సర్దేసింది. గిన్నెలు కడిగి బోర్లించింది, గుడ్డలు మడిచింది, కుందేళ్ల గడ్డి పాకెట్టుకి రబ్బరు బ్యాండు వేసింది. బల్ల మీద మాత్రం ఒక కంచం ఉంది. పక్కన చెంచా కూడా పెట్టింది.

పర్సిస్ కోటు కూడా విప్పకుండా దాన్ని చూస్తూ నిలబడింది. డిసెంబరు ఇరవై నాలుగు మళ్లీ రావడానికి ఇంకా ఏడాది ఉంది. అంతవరకు అది అక్కడ దుమ్ము పట్టిపోతుంది. పట్టకుండా రోజూ తుడవాలి. ఆమె వంటింట్లోకి వెళ్లి తనకోసం ఇంకో కంచం తెచ్చుకుంది. ఫ్రిజ్‌లో మిగిలిన పియెరోగి వేడి చేసుకుని, ఆ ఖాళీ కంచానికి ఎదురుగా కూర్చుని తింది. తిన్నాక తన కంచం కడిగి అల్మరాలో పెట్టింది. రెండోది తీయలేదు.